ఊటీని నిదానంగా చూడటం ఎలా

ఊటీకి వెళ్ళివచ్చిన తెలుగువారిలో చాలామంది చెప్పే మాట ఒకటే: జనం ఎక్కువ, చూసింది తక్కువ. మే నెలలో రెండు రోజుల సెలవు చూసుకుని, సరస్సు, బొటానికల్ గార్డెన్, దొడ్డబెట్ట శిఖరం మూడింటినీ ఒక్క పూటలో కారులో చుట్టివచ్చేవారికి అంతకంటే దక్కేదేమీ ఉండదు. నీలగిరి కొండల్లో సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరికి కనీసం మూడు రాత్రులు కేటాయించాలనీ, వెళ్ళే రోజున ఒక పూట కొండ ఎక్కడానికే వదిలిపెట్టాలనీ నా గట్టి అభిప్రాయం.

కొండ ఎక్కడమంటే కొండ కింద ఉన్న మేట్టుపాళయం నుంచి బయలుదేరే చిన్న రైలులోనే ఎక్కాలి. ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చేవారు శబరి ఎక్స్‌ప్రెస్ వంటి రైలులో కోయంబత్తూరు చేరి, ఆ రాత్రికి అక్కడో మేట్టుపాళయంలోనో బస చేయడం మంచిది. చెన్నై మీదుగా వచ్చేవారికి రాత్రి బయలుదేరే నీలగిరి ఎక్స్‌ప్రెస్ తెల్లవారేసరికి నేరుగా మేట్టుపాళయంలో దింపుతుంది. కొండ రైలు ఉదయం ఏడు దాటగానే కదులుతుంది. దూరం 46 కిలోమీటర్లే అయినా దాదాపు ఐదు గంటలు పడుతుంది. సీట్లు తక్కువ కాబట్టి రిజర్వేషన్ తెరిచిన రోజునే, అంటే ప్రయాణానికి 60 రోజుల ముందే, టికెట్ తీసుకోవడం క్షేమం.

ఈ రైలు ఎందుకంత నిదానమో తెలిస్తే ప్రయాణం ఇంకా బాగుంటుంది. దారిలోని కల్లార్ స్టేషను నుంచి కూనూరు ఊరి వరకు రెండు పట్టాల నడుమ పళ్ళున్న మరో పట్టా పరిచి ఉంటుంది. ఇంజను కింది పళ్ళ చక్రం ఆ పళ్ళను ఒక్కొక్కటిగా పట్టుకుంటూ, 12 అడుగులకు ఒక అడుగు లేచే ఏటవాలును కూడా ఎక్కుతుంది. ఇంజను ముందుండి లాగదు, వెనక నుంచి పెట్టెలను నెడుతుంది. ప్రతి పెట్టెకూ ఒక బ్రేకు మనిషి ఉంటాడు. దారిలో ఇంజను నీళ్ళు పట్టడానికి ఆగినప్పుడు కిందికి దిగి, ఆ పళ్ళ పట్టాను ఒకసారి దగ్గరగా చూడండి. నూనె మరకల మధ్య పళ్ళ అంచులు అరిగి మెరుస్తూ కనిపిస్తాయి. 1899లో కూనూరు వరకు నడిచిన ఈ మార్గం 1908 నాటికి ఊటీ చేరింది, 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు పొందింది. భారీ వానలకు కొండచరియలు విరిగిపడితే రైళ్ళు రద్దవుతాయి కనుక అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బస్సు ప్రయాణాన్ని కూడా మనసులో ఉంచుకోవాలి.

సొంత కారులో వెళ్ళేవారికి ఈ-పాస్ తప్పనిసరి. మద్రాసు హైకోర్టు ఆదేశం మేరకు 2024 మే 7 నుంచి ఊటీకీ కొడైకెనాల్‌కూ ఈ విధానం అమలులోకి వచ్చింది. వాహనం నంబరు, ప్రయాణ తేదీలు ఆన్‌లైన్‌లో నమోదు చేస్తే పాస్ ఉచితంగా వస్తుంది. ప్రభుత్వ బస్సులోనో రైలులోనో వచ్చేవారికి దానితో పనిలేదు. ఘాట్ రోడ్డులో కిందికి దిగేటప్పుడు రెండో గేరులోనే ఉండాలి, ఎక్కే వాహనానికి దారి ఇవ్వాలి. మసినగుడి వైపున్న కల్లట్టి ఘాట్‌లో 36 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. ఫోను దగ్గరి దారి అని చూపినా కొత్తవారు దాని జోలికి పోకూడదు. ప్లాస్టిక్ నీళ్ళ సీసాలపై జిల్లాలో నిషేధం ఉంది కాబట్టి ఇంటి నుంచే స్టీలు సీసా తీసుకెళ్ళండి.

జనవరి నుంచి మార్చి వరకు ఆకాశం తేటగా, జనం పలుచగా ఉంటారు. జనవరి తెల్లవారుజాముల్లో గడ్డిపై మంచు పేరుకునేంత చలి ఉంటుంది. స్వెటరు, మేజోళ్ళు, పిల్లలకు చెవుల టోపీ అవసరం.

ఊళ్ళో మొదటి ఉదయం 1848లో నెలకొల్పిన బొటానికల్ గార్డెన్‌కు ఇవ్వండి. గేటు తెరిచే వేళకే వెళితే పచ్చిక మీద మంచుబిందువులు ఆరకముందే సుమారు 22 హెక్టార్ల తోటను తీరికగా చూడవచ్చు. రెండు కోట్ల ఏళ్ళ నాటిదని చెప్పే శిలగా మారిన చెట్టు మాను దగ్గర కాసేపు ఆగండి. 2,637 మీటర్ల దొడ్డబెట్టకు కూడా ఉదయమే వెళ్ళాలి, మధ్యాహ్నానికి మబ్బు కమ్మితే అక్కడ ఏమీ కనిపించదు. సరస్సులో పడవ షికారు పిల్లలుంటే సరే, లేకపోతే వదిలేసినా నష్టం లేదు.

కొనదగినవాటిలో నేను ముందు చెప్పేది తోడాల శాలువా. ఈ కొండల్లో తరతరాలుగా గేదెలను మేపుకుంటూ బతికిన తోడా స్త్రీలు తెల్లని ముతక నూలు గుడ్డపై ఎర్ర, నల్ల దారాలతో, గుర్తులేవీ గీసుకోకుండా, నేతలోని పోగులను వేలితో లెక్కపెట్టుకుంటూ కుడతారు. 2013లో దీనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) లభించింది. కొనేముందు గుడ్డను తిప్పి చూడండి, చేతి పనైతే రెండు వైపులా కప్పుకునేంత అందంగా ఉంటుంది. ధర ఎక్కువనిపించినా బేరమాడకండి, ఒక్క శాలువాకు వారాల పని పడుతుంది.

చివరి రోజు కూనూరులో దిగి, 1874 నాటి సిమ్స్ పార్కు చూసి, తేయాకు ఫ్యాక్టరీలో ఆకు వాడబెట్టడం నుంచి పొడి జల్లించడం దాకా గమనించి, టీపొడి అక్కడే కొనుక్కోండి. అక్కడి నుంచి మేట్టుపాళయానికి బస్సులు తరచుగా ఉంటాయి. రాత్రి రైలు ఉన్నవారు ఘాట్ రోడ్డులో ఆలస్యాన్ని లెక్కలో పెట్టుకుని మధ్యాహ్నం రెండు లోపే కొండ దిగడం మొదలుపెట్టాలి.