ఉద్యోగం మానేసి డిజైన్ పనిలోకి దిగేముందు 8 వారాలు చేసి చూడండి

హైదరాబాద్‌లో పోస్టర్లు, లోగోలు, పుస్తకాల అట్టలు వేస్తూ బతకాలనుకుంటే, ముందు ‘ఎందుకు?’ అన్నదానికి జవాబు కాగితం మీద రాసుకోండి. ఏ పని పట్టాలో దాన్నిబట్టే తేలుతుంది. పని మీద తమ పేరు కనబడాలనుకునేవారికి పుస్తకాల అట్టలు, పత్రికల బొమ్మలు నయం. లోగో కింద సంతకం ఎవరూ పెట్టనివ్వరు. బొమ్మా కావాలి, ఒకటో తారీఖు జీతమూ కావాలంటే మాదాపూర్ కంపెనీల్లో డిజైనర్ ఉద్యోగమే మేలు. బాసు పోరు పడలేక అయితే మాత్రం ఆగండి. ఇక్కడ ప్రతి క్లయింటూ బాసే, పైగా ఆదివారం కూడా ఫోన్ చేస్తాడు.

ఉద్యోగంలో ఉండగానే వారానికి 10 గంటలు కేటాయించి, 8 వారాల్లో 4 పనులు పూర్తి చేయండి. చుట్టాలవి వద్దు, వాళ్లు మొహమాటానికి బాగుందంటారు. వీధి చివరి టిఫిన్ సెంటర్ మెనూ అయినా సరే, డబ్బు తీసుకునే చేయండి. గీసిన గంటలు, మాట్లాడిన గంటలు, కరెక్షన్ల గంటలు విడివిడిగా రాయండి. మూడో కరెక్షన్ దగ్గర కూడా ఫైలు తెరవబుద్ధవుతోందా అన్నదే అసలు పరీక్ష. లైకులు వచ్చినప్పుడే హుషారొస్తే అది అభిరుచిగానే బాగుంటుంది.

తర్వాత రేటు. ఇంటి ఖర్చు 35,000, సాఫ్ట్‌వేర్, ఇంటర్నెట్ 5,000, కొత్త లాప్‌టాప్ కోసం దాచేది 4,000 అనుకుందాం. మొత్తం 44,000. నెలలో బిల్లు వేయగలిగే గంటలు 80కి మించవనుకోండి, మిగతావి ఫోన్లకూ తిరుగుళ్లకూ పోతాయి. అంటే గంటకు 550. కరెక్షన్లతో కలిపి 9 గంటలు పట్టే పోస్టర్ 4,950కి తగ్గితే నష్టం మీదే. పన్ను ఇంకా కలపలేదు. సగం అడ్వాన్స్ తీసుకోండి, రెండు కరెక్షన్ల తర్వాత ప్రతిదానికీ విడిగా డబ్బని కొటేషన్‌లోనే రాయండి. ‘చిన్న మార్పే’ అన్న మాటతోనే లాభం కరిగిపోతుంది.

తెలుగు అక్షరం దగ్గర చాలామంది బోల్తా పడతారు. యూనికోడ్ తెలుగును (ఫోన్లలో, వెబ్‌లో వాడే ప్రామాణిక తెలుగు) అడోబీ వారి డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇలస్ట్రేటర్‌లో మామూలు సెట్టింగుతో పేస్ట్ చేస్తే వత్తులు విడిపోయి పక్కకు పడొచ్చు. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో భారతీయ లిపులను సరిగా పేర్చే కంపోజర్ ఎంచుకోండి. వెర్షన్‌ను బట్టి దాని పేరు వరల్డ్-రెడీ అనో, సౌత్ ఏషియన్ అనో ఉంటుంది. ప్రెస్సుల్లో ఇప్పటికీ ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లు వాడేవారున్నారు. అది యూనికోడ్ కాదు, ఫాంటు మారిస్తే అర్థంకాని గుర్తులే మిగులుతాయి. అందుకే ప్రెస్సుకు పంపే కాపీలో అక్షరాలను అవుట్‌లైన్ చేసి (ఫాంటుతో పనిలేని గీతలుగా మార్చి), సీఎంవైకేలో (అచ్చుకు వాడే నాలుగు సిరాల రంగుల పద్ధతి), 3 మిల్లీమీటర్ల బ్లీడ్‌తో (కత్తిరింపు గీత దాటి వదిలే అదనపు అంచు) పీడీఎఫ్ ఇవ్వండి. అవుట్‌లైన్ చేయని ఫైలు మీ దగ్గరే ఉంచుకోండి, లేదంటే తేదీ మారినప్పుడు మళ్లీ మొదటినుంచీ టైపు చేయాలి. పెళ్లి కార్డుల పని చేయాలనుకుంటే పాతబస్తీలో కార్డులు అచ్చువేసే ఛత్తా బజార్‌లో ఒక పూట తిరిగి కాగితాలు చేత్తో తాకి చూడండి. తెర మీద కనిపించిన బంగారు రంగు కాగితం మీద అలా రాదు.

హక్కుల మాట నోటితో తేల్చొద్దు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అయితే డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్, పోర్ట్రెయిట్ మీద, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కు వేయించుకున్నవారిదే.

రాజీనామాకు ముందు 6 నెలల ఖర్చు బ్యాంకులో, చుట్టరికం లేని క్లయింట్లు కనీసం ముగ్గురు చేతిలో ఉండాలి. ఆ ముగ్గురిలో ఒకరైనా రెండోసారి పని ఇచ్చినవారై ఉండాలి.