చిన్న మాటలకు అర్థం ఖాయం చేసుడెట్ల

సొంతంగ భాష కట్టేటోళ్లు చెట్టుకు, పుట్టకు పేర్లు పెట్టుకుంట సంబురపడుతరు. అసలు తిప్పలు 'నుంచి', 'కు', 'అంట' అసొంటి మాటలకాడ మొదలైతది. నేను వరంగల్ల ఎనుమాముల మార్కెట్ల ఒక అడ్తి దుకాణంల లెక్కలు రాస్త. తక్‌పట్టీల, అంటే రైతులకిచ్చే లెక్క చీటీల, వెనుక ఖాళీ జాగలనే నా భాషంత పెరిగింది.

మొదట 'వె' అంటే 'నుంచి' అని ఒక్క ముక్క రాసి వదిలేసిన. 3 నెలలైనంక చూస్తే ఊరి నుంచి వచ్చుడుకు అదే, నిన్నటి నుంచి అనుడుకు అదే, భయానికి కారణం చెప్పనీకి కూడ అదే. 'చెట్టు వె భయపడ్డడు' అని రాస్తే మా మేనల్లుడు, "చెట్టెక్కి భయపడ్డడా మామా, చెట్టును చూసా?" అని అడిగిండు. రాసిన నాకే చెప్పరాలే.

అందుకే మాటకు మాట రాయకుండ్రి. ఒక్కో మాటకు 20 వాక్యాలన్న రాయుండ్రి. వాటికోసం ఎక్కడికో పోవుడు అక్కర్లే. మా అమ్మ ఫోన్ చేసి "ఊర్లకెల్లి వస్తున్న బిడ్డా, పొద్దటిసంది ఏం తినలే" అన్నది. పుస్తకంల 'నుంచి' ఒక్కటే రెండు పనులు చేస్తది. అమ్మ నోట్ల జాగకు 'కెల్లి', కాలానికి 'సంది'. ఆ రోజే 'వె'ను జాగకు ఉంచి కాలానికి 'తు' పెట్టిన. మరి కారణం? "వానకు మిర్చి తడిసింది" అంటం గదా, దాన్ని 'కు' లెక్కల కలిపిన. మీరు వేరే తీరుగ పంచుకోవచ్చు. ఏ వాక్యం ఏ మాట పాలు అనేది మాత్రం కాయితం మీద ఉండాలె.

'అంట' అసొంటిదానికి ఇంకో పరీక్ష ఉన్నది. దాని వెనుక ఒక మాట తగిలించి చూడాలె. "ఇయ్యాల మార్కెట్ బందంట, నాకైతే నమ్మకం లేదు." చెల్లుతది. "ఇయ్యాల మార్కెట్ బందంట, పక్కా." ఇదీ చెల్లుతది. అంటే 'అంట'ల అనుమానం లేదు, ఉంటే మన గొంతుల ఉంటది. "ఇయ్యాల మార్కెట్ బందంట, నేనే గేటుకు తాళమేసి వచ్చిన." ఇది వింటే నవ్వొస్తది. తాను చూడలే, ఒకరు చెప్తే విన్నడు, 'అంట'కు అంతే అర్థం. నా భాషల 'అంట'కు పెట్టిన 'ని' పక్కన 'అనుమానం' అని రాసుకున్నదాన్ని కొట్టేసిన.

ఎంత పంచినా కొన్ని మిగులుతయి. 1887ల ఎస్పరాంటో అని సొంతంగ కట్టిన భాషను తెచ్చిన జామెన్‌హోఫ్ దీనికి మంచి ఉపాయం చేసిండు. 'యే' అనే మాటకు సొంత అర్థం పెట్టకుండ, వేరే ఏదీ అతకనికాడ వాడుకోమన్నడు. నేను కూడ 'ఓ' అని ఒకటి పెట్టుకున్న. వాడినప్పుడల్ల ఆ వాక్యం ఒక పేజీల ఎక్కిస్త. పోయిన నెల లెక్క చూస్తే అండ్ల 11 వాక్యాలు ధర చెప్పేటియే: క్వింటాలుకు ఇంత, బస్తాకు ఇంత. దానికింక మాట దొరకలే.