ఎలక్ట్రిక్ మోటారు స్టార్ట్ కాకపోతే లోపాన్ని ఎలా కనిపెట్టాలి?

మోటారు తిరగనప్పుడు స్టార్టర్ బటన్‌ను పదే పదే నొక్కడం చాలామందికి అలవాటు. దయచేసి ఆ పని చేయకండి. ఇండక్షన్ మోటారు బయలుదేరే క్షణంలో తన మామూలు కరెంటుకు సుమారు 5 నుంచి 8 రెట్లు లాగుతుంది. రోటర్ (లోపల తిరిగే భాగం) కదలకపోతే ఆ కరెంటు తగ్గదు కనుక వైండింగ్ (లోపలి తీగచుట్ట) త్వరగా కాలిపోతుంది. ఒకే ఒక్కసారి స్విచ్ వేసి, రెండు మూడు సెకన్లు శ్రద్ధగా విని, వెంటనే ఆపేయాలి. ఏ శబ్దమూ లేదా, గుంయ్‌మంటూ కదలకుండా ఉందా, వేయగానే ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆగే స్విచ్) పడిపోతోందా అన్నదాన్ని బట్టి ఎక్కడ వెతకాలో తేలుతుంది.

ఆ తర్వాత మెయిన్ స్విచ్ ఆపి, కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకున్నాకే దేన్నైనా ముట్టుకోవాలి. కరెంటు ఉండగా చేయవలసిన కొలతలను అనుభవమున్న ఎలక్ట్రీషియన్‌కే వదిలేయడం మంచిది.

శబ్దమే లేకపోతే చాలావరకు లోపం మోటారు బయటే ఉంటుంది. ఫ్యూజులు, ఓవర్‌లోడ్ రిలే (మోటారు ఎక్కువ కరెంటు లాగితే సరఫరా ఆపేది), స్టాప్ బటన్ కాంటాక్టు, నో వోల్ట్ కాయిల్ (కరెంటు ఉన్నంతసేపు స్టార్టర్‌ను పట్టి ఉంచే తీగచుట్ట) వరుసగా చూడాలి. రిలే ట్రిప్ అయి ఉంటే చల్లారనిచ్చి ఒక్కసారి రీసెట్ చేయవచ్చు. మళ్ళీ ట్రిప్ అయితే కారణం తెలిసేదాకా ఆపి ఉంచాలి. టెర్మినల్ బాక్సు దాకా సరైన వోల్టేజీ వస్తున్నా మోటారు ఉలకకపోతే, లోపలి థర్మల్ ప్రొటెక్టర్ (మోటారు బాగా వేడెక్కితే సరఫరా తెంచే స్విచ్) తెరుచుకుని ఉండవచ్చు, లేదా వైండింగ్ తెగి ఉండవచ్చు.

గుంయ్‌మంటూ కదలని మోటారు విషయంలో ముందుగా, సరఫరా ఆపి ఉంచి, షాఫ్ట్‌ను చేత్తో తిప్పి చూడాలి. పైసా ఖర్చులేని ఈ పరీక్షను వదిలేసి నేరుగా కెపాసిటర్ (సింగిల్ ఫేజ్ మోటారు బయలుదేరడానికి తోడ్పడే భాగం) మార్చడం తొందరపాటే. షాఫ్ట్ బిగుసుకుని ఉంటే లోడును విడదీసి మళ్ళీ తిప్పాలి. అప్పుడు తేలికగా తిరిగితే పంపులోనో గేర్లలోనో అడ్డు ఉన్నట్టు, అప్పటికీ తిరగకపోతే బేరింగులు పట్టేసినట్టు.

షాఫ్ట్ తేలికగా తిరుగుతుంటే, సింగిల్ ఫేజ్ మోటారులో కెపాసిటర్‌ను అనుమానించాలి. సరఫరా ఆపినా అందులో చార్జి నిలిచి ఉంటుంది కాబట్టి, తగిన రెసిస్టర్ ద్వారా దాన్ని ఖాళీ చేశాకే తీగలు విప్పాలి. ఉబ్బినా, నూనె కారినా, మీటరులో మైక్రోఫారడ్ విలువ బాగా తగ్గినా మార్చవలసిందే. కొత్తదాని మైక్రోఫారడ్ విలువ అంతే ఉండాలి, వోల్టేజీ రేటింగ్ మాత్రం తగ్గకూడదు. కెపాసిటర్ బాగుంటే, సెంట్రిఫ్యూగల్ స్విచ్ (వేగం అందుకోగానే స్టార్టింగ్ వైండింగ్‌ను విడదీసేది) ఉన్న మోటారులో దాని కాంటాక్టులను, ఆపై స్టార్టింగ్ వైండింగ్‌ను పరీక్షించాలి.

త్రీ ఫేజ్ మోటారులో ఇదే శబ్దం సాధారణంగా ఒక ఫేజు పోయిందని చెబుతుంది. పోయిన ఫ్యూజు, వదులైన టెర్మినల్, కాంటాక్టర్‌లో (స్టార్టర్‌లోని విద్యుదయస్కాంత స్విచ్) కాలిన కాంటాక్టు వంటివి ఇందుకు కారణమవుతాయి. మోటారు తీగలు విప్పి, ప్రతి రెండు ఫేజుల మధ్యా వోల్టేజీ కొలవాలి. మూడూ సమానంగానే ఉన్నా తక్కువగా ఉంటే అదీ లోపమే: వోల్టేజీ 10 శాతం తగ్గితే స్టార్టింగ్ టార్కు (బయలుదేరేటప్పుడు తిప్పే బలం) దాదాపు 19 శాతం తగ్గుతుంది.

వేయగానే ఎంసీబీ పడిపోతుంటే తీగలు విప్పి, వైండింగ్‌కూ బాడీకీ మధ్య మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే మీటరు) పెట్టాలి. రీడింగ్ ఒక మెగాఓమ్‌కు తక్కువైతే సరఫరా ఇవ్వకూడదు. తేమ చేరి ఉంటే బాగా ఆరబెట్టి మళ్ళీ కొలవాలి, అప్పటికీ పెరగకపోతే రీవైండింగ్ తప్పదు.

మోటారు తిరిగాక క్లాంప్ మీటరుతో (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు) కరెంటు కొలిచి, నేమ్ ప్లేటుపై ఉన్న అంకెతో పోల్చండి. ఎక్కువగా ఉంటే మోటారును అలాగే నడవనివ్వకండి.