ఆఫీసులో కబురు అందరికీ అందాలంటే ఏం చేయాలి?

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో మా ఆఫీసు గేటు ఎదురుగా ఒక టీ బడ్డీ ఉంది. బదిలీల సంగతి మాకంటే ముందు ఆ బడ్డీ ఆయనకే తెలిసేది. ఒకసారి రాయగడలో ట్రైనింగని శుక్రవారం కాగితం వచ్చి, బడబాబు (హెడ్ క్లర్కు) ట్రేలో ఫైళ్ల కింద ఉండిపోయింది. వెళ్లాల్సిన మనిషికి సోమవారం టీ తాగుతుంటే తెలిసింది. "ట్రైనింగు పోతే పోయిందండీ, నాకొక మాట చెప్పలేదేం?" అన్నాడు.

ఆఫీసులో మాట ఎలా అందుతోందన్న దానిమీద ఉద్యోగుల తృప్తిని కొలవడానికి డౌన్స్, హేజెన్ అనే పరిశోధకులు 1977లో ఎనిమిది అంశాలతో ప్రశ్నావళి ఇచ్చారు. పై అధికారి వింటారా, పని ఎలా ఉందో చెబుతారా అన్నవి కూడా అందులో ఉన్నాయి.

మొదట తపాలు దారి సరిచేయండి. వచ్చిన కాగితాలు ఎక్కించే ఇన్వర్డు రిజిస్టరులో నంబరు పడిన రోజే సంబంధిత మనిషికి కాగితం చూపించి సంతకం తీసుకోండి. వాట్సాప్ గ్రూపులో పడేసి చెప్పేశామనుకోవద్దు. గుడ్ మార్నింగ్ బొమ్మల మధ్య సర్క్యులర్ ఎవరికీ కనబడదు.

తర్వాత భాష. 1954 నాటి చట్టం ప్రకారం రాష్ట్ర అధికార భాష ఒడియా, చాలా కాగితాలూ అందులో వస్తాయి. మా సరిహద్దులో ఒడియా గడగడా మాట్లాడుతూనే చదవడానికి తడబడే తెలుగువాళ్లున్నారు. వాచ్‌మన్, ఊడ్చే అమ్మ లాంటివాళ్లకు ఏం కావాలి, ఎప్పటిలోగా, ఎవరిని అడగాలి అన్న మూడు ముక్కలు తెలుగులోనో సవరలోనో నోటితో చెప్పండి. రెండు నిమిషాల పని.

కింది నుంచి పైకి మాట వెళ్లడమే అసలు కష్టం. సోమవారం పావుగంట అందరూ కూర్చోండి. అధికారి ఆఖర్న మాట్లాడాలి. ముందు ఆయనే మొదలెడితే తక్కినవాళ్లంతా "అవును సార్" అనేస్తారు. లేచిన ప్రశ్నలు ఒక నోటుబుక్కులో రాసి, వచ్చే సోమవారం జవాబు చెప్పండి. జీతం బిల్లు ఆగితే "ట్రెజరీ నుంచి ఇంకా రాలేదు" అన్నదీ జవాబే. ఏమీ చెప్పకపోతే టెన్షన్ పెరుగుతుంది, బడ్డీ దగ్గర కథలు పుడతాయి. ఎవరిమీదైనా విచారణ నడుస్తుంటే మాత్రం అది గుట్టుగానే ఉండాలి.

ఇంకొకటి. తప్పు చేస్తే మెమో వస్తుంది, బాగా చేస్తే ఏమీ రాదు. ఫైలు తిప్పి పంపేటప్పుడు "నోటు బాగా రాశారు" అనడానికి ఖర్చేముంది?

నెల తర్వాత అటెండరును అడగండి: "ఈ వారం ఏం కాగితాలొచ్చాయి బాబూ?" ఆయన బడ్డీ వైపు చూస్తే, మళ్లీ ఇన్వర్డు రిజిస్టరు దగ్గర్నుంచి మొదలెట్టాలి.