అరిగిపోయిన ముందు యాక్సిళ్లను ఇంట్లోనే మార్చుకోవడం

ముందు చక్రాలతో నడిచే కార్లలో గేర్‌బాక్స్ నుంచి చక్రాలకు శక్తిని చేరవేసేవి యాక్సిళ్లు. స్టీరింగ్‌ను పూర్తిగా తిప్పి మెల్లగా కదిలినప్పుడు చక్రం దగ్గర టకటకమని చప్పుడు వస్తే యాక్సిల్‌కు చక్రం వైపున్న బయటి జాయింటు అరిగిందని, వేగం పెంచేటప్పుడు మాత్రమే బండి వణికితే చాలావరకు గేర్‌బాక్స్ వైపున్న లోపలి జాయింటు అరిగిందని అనుకోవచ్చు. సాధారణంగా జాయింటును కప్పి ఉంచే రబ్బరు తొడుగు, అంటే బూటు చిరిగి, గ్రీజు బయటికి చిమ్మి, దుమ్మూ నీరూ లోపలికి చేరడం వల్లనే ఈ అరుగుదల మొదలవుతుంది. బూటు చిరిగినా చప్పుడు ఇంకా మొదలుకాకపోతే కొత్త బూటు, గ్రీజు సరిపోవచ్చు. చప్పుడు వచ్చాక ఆ ఖర్చు వృథా.

కొత్త యాక్సిల్‌ను పాతదాని పక్కన పెట్టి పొడవు, రెండు కొసల పళ్లు, చక్రం వేగాన్ని కొలవడానికి వాడే ఏబీఎస్ రింగు ఉంటే అది కూడా సరిపోల్చుకున్న తరువాతే బిగించాలి.

చక్రాన్ని మోసే నడిమి భాగమైన హబ్‌కు యాక్సిల్‌ను పట్టి ఉంచే హబ్ నట్టును కారు నేలపై ఉండగానే, హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనుక చక్రాలకు అడ్డు పెట్టి కొద్దిగా మాత్రమే వదులు చేయాలి. ఇది సాధారణంగా 30 నుంచి 36 మిల్లీమీటర్ల సాకెట్‌కు సరిపోయే పెద్ద నట్టు. నట్టు తిరగకుండా పట్టి ఉంచే నొక్కిన అంచునో కాటర్ పిన్నునో ముందుగా విడిపించకపోతే మర పాడవుతుంది. తరువాత జాకీతో లేపి కారును స్టాండ్లపై నిలబెట్టాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు కిందికి వెళ్లకూడదు.

చక్రం తీశాక, హబ్‌ను కింద నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ నుంచి బాల్ జాయింటును విడదీస్తే, హబ్‌ను బయటికి లాగి యాక్సిల్ కొసను వెనక్కి నెట్టడానికి చోటు దొరుకుతుంది. అది కదలకపోతే నట్టును కొస వరకు తిరిగి ఎక్కించి, దానిపై చెక్కముక్క ఉంచి కొట్టాలి. ఈ పని జరిగేటప్పుడు బ్రేకు గొట్టం, ఏబీఎస్ తీగ సాగకుండా చూసుకోవాలి. లోపలి కొసను గేర్‌బాక్స్ నుంచి కడ్డీతో తప్పించాలే తప్ప షాఫ్టు పట్టుకుని లాగకూడదు, ఎందుకంటే అలా లాగితే లోపలి జాయింటు విడిపోయి గేర్‌బాక్స్‌లోనే ఉండిపోవచ్చు. గేర్ ఆయిల్ కారుతుంది కాబట్టి కింద పాత్ర పెట్టాలి. రెండు వైపులా మార్చదలిస్తే ఒకటి బిగించాకే రెండోది తీయడం మేలు, లేకపోతే కొన్ని గేర్‌బాక్స్‌లలో రెండు చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్ లోపలి గేర్లు చోటు తప్పుతాయి.

నా దృష్టిలో ఈ పనిలో తొందర అసలు పనికిరాని చోటు, గేర్‌బాక్స్‌లోకి యాక్సిల్ దూరే చోట ఆయిల్‌ను ఆపే రబ్బరు ఆయిల్ సీల్. యాక్సిల్ పళ్లు దాని పెదవిని చీలిస్తే ఆయిల్ కారుతుంది, ఆ లీకు బయటపడేది అన్నీ బిగించేశాకే. కాబట్టి పాత సీల్ గట్టిపడి ఉంటే మార్చేసి, పెదవికి గేర్ ఆయిల్ రాసి, షాఫ్టును తిన్నగా లోపలికి పంపాలి. యాక్సిల్ లోపలి కొసనున్న క్లిప్పు కూర్చున్న శబ్దం వినబడాలి, మెల్లగా లాగి చూసినా అది బయటికి రాకూడదు.

బాల్ జాయింటు బిగించాక హబ్‌కు కొత్త నట్టే వాడాలి. చక్రం గాలిలో ఉండగా ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే, కారు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) టార్క్ రెంచ్‌తో బిగించాలి. వదులు నట్టుతో కారు బరువును హబ్ మోస్తే బేరింగు పాడవుతుంది. ఆ తరువాత గేర్ ఆయిల్ మట్టాన్ని సరిచేసి, స్టీరింగ్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పుతూ నెమ్మదిగా నడిపి వినాలి, మరుసటి రోజు సీల్ చుట్టూ తడి ఉందేమో కింద నుంచి చూడాలి.