పాత కారు వెనుక డిఫరెన్షియల్ నుంచి ఆయిల్ కారుతుంటే

2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్, అంతకు ముందే ఆగిన పద్మిని, ఆ తరువాత ఆగిన ఓమ్నీ వంటి బండ్లలో ఇంజిన్ బలం పొడవైన షాఫ్టు ద్వారా వెనుక యాక్సిల్ మధ్యనున్న డిఫరెన్షియల్‌కు చేరి, అక్కడి క్రౌన్, పినియన్ పళ్ళచక్రాల ద్వారా రెండు చక్రాలకూ అందుతుంది. అక్కడ ఆయిల్ లీక్ కనిపించగానే చాలా షెడ్లలో సీలు (తిరిగే భాగం చుట్టూ ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు వలయం) మార్చేస్తారు. అది ఎందుకు పాడైందో చూడకుండా మారిస్తే కొత్త సీలు కూడా ఎక్కువ కాలం నిలవదు.

ముందుగా లీక్ ఎక్కడ మొదలవుతోందో తేల్చుకోవాలి. హౌసింగ్‌పై, అంటే డిఫరెన్షియల్ బయటి పెట్టెపై, పేరుకున్న మడ్డిని కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, కొంతదూరం నడిపి చూస్తే తడి జాడ తెలుస్తుంది. షాఫ్టు వచ్చి కలిసే ముక్కు భాగం తడిసి, బండి అడుగున ఆయిల్ చారలా చిమ్మి ఉంటే పినియన్ సీలును, హౌసింగ్ అతుకు చుట్టూ చెమ్మ ఉంటే ఆ అతుకు మధ్యనుండే పలుచని పొర అయిన గ్యాస్కెట్‌ను, చక్రం లోపలి వైపు కారితే యాక్సిల్ సీలును అనుమానించాలి. చక్రం దగ్గర కారేది బ్రేక్ ఆయిల్ కూడా కావచ్చు. అది పల్చగా ఉంటుంది, గేర్ ఆయిల్ మాత్రం చిక్కగా ఉండి గంధకపు ఘాటు వాసన వేస్తుంది.

ఏ బోల్టూ విప్పకముందే యాక్సిల్ గొట్టం పైనున్న బ్రీదర్‌ను, అంటే లోపలి గాలి బయటికి పోయే చిన్న దారిని, చూడాలి. ప్రయాణంలో ఆయిల్ వేడెక్కినప్పుడు లోపలి గాలి వ్యాకోచిస్తుంది. బురదతో బ్రీదర్ మూసుకుపోతే ఆ ఒత్తిడి ఆయిల్‌ను సీళ్ళ అంచుల గుండా బయటికి తోస్తుంది. దాన్ని శుభ్రం చేయడంతోనే లీక్ ఆగిన బండ్లు తక్కువేమీ కావు. ఆయిల్ అవసరానికి మించి పోసినా ఇదే జరుగుతుంది.

బండిని ఎత్తాక జాకీ మీదే వదలకుండా స్టాండ్లపై నిలపాలి. చేతి బ్రేకు పట్టేది వెనుక చక్రాలనే కాబట్టి, వాటిని పైకెత్తాక బండి కదలకుండా ఆపేవి ముందు చక్రాలకు పెట్టిన దిమ్మలే.

అన్నిటిలో జాగ్రత్త కోరేది పినియన్ సీలు. షాఫ్టును విడదీశాక, అది బిగిసే పళ్ళెం లాంటి ఫ్లాంజ్‌ను చేత్తో పైకీ కిందికీ ఊపి చూడాలి. ఆట, అంటే వదులు కదలిక, ఉంటే బేరింగ్ అరిగినట్టే, అప్పుడు సీలు ఒక్కటే మార్చడం డబ్బు దండుగ. ఆట లేకపోతే నట్టు, ఫ్లాంజ్, పినియన్ కొస ఒకదానికొకటి ఎలా ఉన్నాయో పంచ్‌తో గుర్తులు పెట్టుకుని విప్పాలి. కొన్ని బండ్లలో బేరింగుల మధ్య నలిగే స్పేసర్ (ఎడం నిలిపే లోహపు గొట్టం) ఉంటుంది. నట్టును పాత గుర్తు దాటించి బలంగా బిగిస్తే అది మరింత నలిగి బేరింగులు బిగుసుకుంటాయి, నట్టును వదులు చేసినంత మాత్రాన ఆ నలిగిన స్పేసర్ తిరిగి సాగదు. ఫ్లాంజ్‌పై సీలు అంచు ఆనే చోట గోరుకు తగిలే గాడి ఉంటే ఫ్లాంజ్ మార్చాలి, లేదా దానిపై పలుచని తొడుగు (స్లీవ్) ఎక్కించాలి. కొత్త సీలు అంచుకు నూనె రాసి, స్ప్రింగు ఉన్న వైపు లోపలికి ఉండేలా, వంకర పోకుండా దిగగొట్టాలి.

యాక్సిల్ సీలు పోయి ఆయిల్‌లో నానిన బ్రేక్ లైనింగులను కడిగి వాడకూడదు. రెండు వైపులా కొత్తవి వేయాలి. పాత లైనింగుల ధూళిలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు కనుక గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. గ్యాస్కెట్ విషయంలో చెప్పవలసింది ఒక్కటే: పేస్టు పలుచగా పూయాలి.

ఆయిల్ దింపే ముందే పైనున్న ఫిల్లర్ ప్లగ్ (ఆయిల్ పోసే రంధ్రపు మూత) ఊడుతుందో లేదో చూసుకోవాలి. అది తుప్పుపట్టి రాకపోతే ఖాళీ హౌసింగ్‌తో బండి నిలిచిపోతుంది. దింపిన ఆయిల్‌లో మెత్తని లోహపు పొడి మామూలే కానీ, పెచ్చులు కనిపిస్తే పళ్ళచక్రాలు విప్పి చూడాల్సిందే. తయారీదారు చెప్పిన గ్రేడు ఆయిల్‌ను, ఇలాంటి యాక్సిళ్ళకు ఎక్కువగా జీఎల్-5 రకం 90 నంబరును, బండి సమతలంగా ఉండగా ఫిల్లర్ రంధ్రం కింది అంచు వరకు పోయాలి. మిగిలినదాన్ని గేర్‌బాక్సులో పోస్తే గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులు దెబ్బతినే ప్రమాదం ఉంది. కొంతదూరం నడిపి, హౌసింగ్ చల్లారాక, మట్టాన్ని మరోసారి చూసి ప్లగ్ బిగించాలి.