డయాలసిస్ వాళ్ళకు కామెర్ల టీకా: వేయించుకుంటే సరిపోదు, పనిచేసిందో లేదో చూడాలి

నేను నెల్లూరులో డయాలసిస్ నర్సుని. ఉదయగిరి, వింజమూరు, వరికుంటపాడు వైపు నుంచి తెల్లారకముందే బస్సెక్కి ఆత్మకూరు బస్టాండులో దిగి వచ్చేవాళ్ళు మా దగ్గర చాలామంది. కొత్తగా చేరినవాళ్ళ ఫైలు తిరగేస్తే హెపటైటిస్ బి (కామెర్లు తెచ్చే వైరస్ జబ్బు) టీకా మూడు డోసులూ వేసినట్టు రాసి ఉంటుంది. అది పనిచేసిందా అని చూసిన రిపోర్టు మాత్రం ఉండదు. నా టెన్షన్ అంతా దాని గురించే.

కిడ్నీలు వడగట్టాల్సిన మలినాలు రక్తంలో నిలిచిపోతే, టీకాను గుర్తుపట్టి యాంటీబాడీలు తయారుచేయాల్సిన కణాలు మందగిస్తాయి. షుగరు, పైబడిన వయసు తోడైతే ఇంకా కష్టం. ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ళలో నూటికి 90 మందికి పైగా ఈ టీకా పనిచేస్తుంది. డయాలసిస్ వాళ్ళలో అంతమందికి పనిచేయదు, వచ్చిన రక్షణ కూడా తొందరగా తగ్గిపోతుంది. పోనీలే అని వదిలేద్దామంటే, హెపటైటిస్ బి రక్తంతో అంటుకునే వైరస్. ఒంటి బయట కూడా 7 రోజుల దాకా బతికే ఉంటుంది.

కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష లెక్క) పెరుగుతోందని డాక్టరు చెప్పిన రోజే టీకా సంగతి అడగండి. డయాలసిస్ దాకా వచ్చాక వేసేదానికంటే ముందే వేస్తే బాగా పడుతుంది. ఇప్పుడు పిల్లలకు పుట్టగానే వేస్తున్నారు గానీ, నలభై దాటిన మనలో ఎక్కువమందికి చిన్నప్పుడు ఇది వేయలేదు. వేసేముందు జబ్బు ఇప్పటికే ఉందేమో రక్తపరీక్ష చేయించాలి.

డయాలసిస్ వాళ్ళకు డోసు వేరు. మామూలు పెద్దవాళ్ళకు 20 మైక్రోగ్రాములు మూడుసార్లు వేస్తారు. మనవాళ్ళకు సాధారణంగా 40 మైక్రోగ్రాములు, నాలుగుసార్లు: మొదటి రోజు, నెలకు, రెండు నెలలకు, ఆరు నెలలకు. కంపెనీని బట్టి తేడా ఉండొచ్చు, డాక్టరు రాసినట్టే వెళ్ళండి. 20 మైక్రోగ్రాముల సీసాలు రెండు వాడాల్సి వస్తే ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేతిని వదిలేసి, రెండో చేతి భుజం కండకే అంగుళం ఎడంగా రెండు సూదులు వేస్తాను. వరికుంటపాడు నుంచి వచ్చే ఒక తాత ప్రతిసారీ "చెయ్యి నొప్పమ్మా, పిర్రకెయ్యి" అంటాడు. "వద్దు తాతా, అక్కడ కొవ్వులో పడితే మందు సరిగ్గా పట్టదు" అని భుజానికే వేస్తాను. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తాం కాబట్టి సూది తీశాక రెండు నిమిషాలు దూదితో గట్టిగా నొక్కి పట్టుకోవాలి. రుద్దకూడదు.

టీకా బయట కొనాల్సి వస్తే వేసే చోటికి దగ్గరలోనే కొనండి. అది 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మే నెల ఎండలో సంచిలో వేసుకుని ఉదయగిరి దాకా తీసుకెళ్తే పాడవుతుంది. గడ్డకట్టినా పాడే, అందుకని ఫ్రీజర్లో పెట్టొద్దు.

ఇక అసలు సంగతి. ఆఖరి డోసు అయిన నెల, రెండు నెలల మధ్యలో యాంటీ హెచ్‌బీఎస్ అనే రక్తపరీక్ష చేయించండి, టీకాతో వచ్చిన యాంటీబాడీలు ఎన్నున్నాయో అది చెబుతుంది. రిపోర్టులో 10 యూనిట్లు (mIU/mL), ఆపైన ఉంటే రక్షణ ఉన్నట్టు. అంతకంటే తక్కువొస్తే కోర్సు మొత్తం మళ్ళీ వేయాలి. రెండోసారి చాలామందికి పడుతుంది, నిరాశపడొద్దు. అప్పటికీ రాకపోతే టీకా పనిచేయలేదని ఫైల్లో స్పష్టంగా రాయించుకోండి, వార్డులో మీ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉంటారు. పనిచేసినవాళ్ళు కూడా ఏటా ఒకసారి చూపించుకోవాలి. 10 కిందికి పడిపోతే బూస్టర్ వేస్తారు.

రిపోర్టు చూసి హడలిపోయేవాళ్ళను చూస్తుంటాను. యాంటీ హెచ్‌బీఎస్ పాజిటివ్ అంటే మంచిదే, రక్షణ ఉంది. హెచ్‌బీఎస్‌ఏజీ అంటే వైరస్ పైపొర ముక్క, అది పాజిటివ్ అంటే జబ్బు ఉందేమో చూడాలి. టీకా వేశాక 18 రోజుల దాకా కొందరిలో ఈ రెండోది కూడా తాత్కాలికంగా పాజిటివ్ చూపించొచ్చు. అందుకని సూది ఏ తేదీన వేయించుకున్నారో ల్యాబ్‌లోనూ, డాక్టరుకూ తప్పకుండా చెప్పండి.

ఫ్లూ టీకా ఏటా, న్యుమోనియా టీకా డాక్టరు చెప్పినప్పుడు వేయించుకోండి. స్పందన తక్కువైనా, జబ్బు ముదరకుండా ఆపే మేలు ఉంటుంది. స్టెరాయిడ్ వాడుతుంటే ముందే చెప్పాలి. రోజుకు 20 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్ రెండు వారాలు మించితే, బతికున్న క్రిములతో చేసిన టీకాలు సాధారణంగా వేయరు. టీకా కోసమని మీ అంతట మీరు మాత్ర మాత్రం మానేయొద్దు. కిడ్నీ మార్పిడికి పేరు రాయించుకున్నవాళ్ళు, అలాంటి టీకాలు ఏవైనా కావాలంటే ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందే పూర్తిచేసుకోవాలి.

ఇంట్లో వాళ్ళు కూడా మామూలు మూడు డోసులు వేయించుకుంటే పేషెంటుకు అదొక అండ. పెళ్ళికో తిరుపతికో వెళ్ళి వేరే సెంటర్లో డయాలసిస్ చేయించుకోవాల్సి వస్తే, డోసుల తేదీలు, ఆఖరి రిపోర్టు ఉన్న కాగితం జిరాక్స్ వెంట తీసుకెళ్ళండి. మెషీన్ ఎక్కించేముందు వాళ్ళు అడిగేది అదే.